పాత థియేటర్‌లో ఉచిత ట్రిక్ ఆర్ ట్రీట్: క్యాండీ లెక్క కన్నా ముందు దారి లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమెరికాలో మీ ఊరి డౌన్‌టౌన్‌లో 1920ల నాటి సినిమా థియేటర్ ఉంది. అక్టోబరు ఆఖరి శనివారం మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా అక్కడ పిల్లలకు ఉచితంగా హాలోవీన్ ట్రిక్ ఆర్ ట్రీట్ (వేషాలు వేసుకున్న పిల్లలు తిరుగుతూ క్యాండీ పుచ్చుకునే వేడుక) పెడుతున్నారు. 800 మంది పిల్లలు వస్తారని అంచనా. తెలుగు కుటుంబాల తరఫున వాలంటీర్ల బాధ్యత మీ మీద పడింది. ఎంత క్యాండీ కొనాలి, డెకరేషన్ ఎలా చేయాలి, అందరినీ సీట్లలో కూర్చోబెట్టి స్టేజి మీద పంచితే బాగుంటుందా అన్నవి మీ ప్రశ్నలు.

చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం, మిగతా లెక్కలన్నీ దాని మీదే నడుస్తాయి. స్టేజి మీద పంచొద్దు. ఏదో ఒక షో చూపించి, చివర్లో మైకులో "అందరూ ముందుకు రండి, క్యాండీ ఇస్తాం" అని పిలవడం ఇంకా ప్రమాదం. 1883 జూన్ 16న ఇంగ్లండులో సండర్‌లాండ్‌లోని విక్టోరియా హాల్‌లో అచ్చం ఇలాగే జరిగింది. పిల్లల షో చివర్లో కింద కూర్చున్నవాళ్లకు స్టేజి మీది నుంచి బహుమతులు పంచడం మొదలుపెట్టారు. పై గ్యాలరీలోని పిల్లలు తమకు మిగలవేమోనని మెట్ల మీదుగా కిందికి పరుగెత్తారు. మెట్ల అడుగున ఉన్న తలుపును ఒక్కొక్కరే పట్టేంత సందు వదిలి గడియ వేసి ఉంచారు. ఒకరి మీద ఒకరు పడి 183 మంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. ఆ రోజు అక్కడ నిప్పూ లేదు, పొగా లేదు. ఉచితంగా ఏదో ఇస్తున్నారన్న మాట, ఒక ఇరుకు తలుపు, ఈ రెండే ఉన్నాయి.

అందుకని పిల్లలు ఒకచోట గుమిగూడి పుచ్చుకునే పద్ధతి మానేసి, నడుస్తూ పుచ్చుకునే పద్ధతి పెట్టండి. ఒక తలుపులో లోపలికి రావాలి, ఇంకో తలుపులో బయటికి పోవాలి, మధ్యలో ఎక్కడా వెనక్కి తిరగకూడదు. అప్పట్లో కట్టిన చాలా థియేటర్లకు సరిపోయే దారి ఇలా ఉంటుంది: మార్క్వీ (థియేటర్ గుమ్మం పైన ముందుకు పొడుచుకొచ్చే బోర్డు) కింద లైను, ముఖద్వారం, లాబీ, ఎడమ నడవా గుండా కిందికి, సీట్ల మధ్య అడ్డ నడవా దాటి, కుడి నడవా గుండా పైకి, లాబీలో రెండో వైపు తలుపు నుంచి వీధిలోకి. పక్క సందులోకి తెరుచుకునే ఎమర్జెన్సీ తలుపుల గుండా పంపితే ఇంకా దగ్గర అనిపిస్తుంది. కానీ వాటి అవతల చాలాచోట్ల మెట్లుంటాయి. వీల్‌చైర్, స్ట్రోలర్ (చంటిపిల్లల్ని తోసుకెళ్లే బండి) అక్కడ ఆగిపోతే వెనక వచ్చేవాళ్లంతా ఆగిపోతారు. ముందే ఒక స్ట్రోలర్ తోసుకుంటూ దారంతా ఒకసారి నడిచి చూడండి. ఎక్కడ తిప్పలేకపోయారో, ఆ రోజు జనం ఆగేదీ అక్కడే.

అడ్డ నడవా లేని హాలైతే మొదటి వరస ముందు నుంచి దాటించాలి. అప్పుడు ఆర్కెస్ట్రా పిట్ (స్టేజి ముందు వాద్యగాళ్లు కూర్చునే గొయ్యి) సంగతి చూసుకోవాలి. పిట్ మీద మూత ఉంటే సరే. తెరిచి ఉంటే, దాని అంచుకు పొట్టి గోడ ఉన్నా సరే, ఆ దారి వాడొద్దు. మాస్కు వేసుకున్న అయిదేళ్ల పిల్లకు కింది భాగం అసలు కనిపించదు. అలాంటి హాల్లో పిల్లలు ఎడమ నడవాలో సగం దాకా దిగి, ఖాళీగా ఉన్న ఒక సీట్ల వరసలోంచి అవతలికి దాటడం మేలు. మడత సీట్లు పైకి లేచి ఉంటాయి కాబట్టి పిల్లలకు అడ్డం ఉండదు. ఆ వరసలో పట్టని వీల్‌చైర్, స్ట్రోలర్ వాళ్లను మాత్రం వెనక వరస దగ్గరే కుడి నడవా వైపు తిప్పి, అక్కడే వాళ్లకు ఎడమ వైపు క్యాండీ కూడా కలిపి ఇవ్వండి.

ఇక క్యాండీ ఇచ్చేచోట్లు. మొత్తం 10 చాలు: లాబీలో 3, ఎడమ నడవాలో 3, దాటే చోట 1, కుడి నడవాలో 3. లాబీలో టేబుళ్లు పెట్టొచ్చు, నడవాల్లో ఒక్కటి కూడా పెట్టకూడదు. ఆరడుగుల మడత టేబుల్ వెడల్పు 30 అంగుళాలు ఉంటుంది, అది నడవాలో పడితే అగ్నిమాపక నిబంధన ప్రకారం ఉండాల్సిన వెడల్పు మిగలదు. నడవాల్లో వాలంటీరు చివరి సీట్లో కూర్చుని ఒళ్లో బకెట్ పెట్టుకుంటే చాలు. నడవా ఖాళీగా ఉంటుంది, పిల్లల ఎత్తుకు చెయ్యి సరిగ్గా అందుతుంది, మూడు గంటలు నిలబడే బాధ కూడా తప్పుతుంది.

ఎంతమంది పడతారన్నది ఇప్పుడు లెక్క కడదాం. 3 గంటల్ని 15 నిమిషాల చొప్పున 12 విడతలు చేయండి. 800ని 12తో భాగిస్తే విడతకు దాదాపు 67 మంది పిల్లలు. పిల్లకు ఒక పెద్ద చొప్పున అనుకుంటే విడతకు 134 మంది. దారంతా నడవడానికి 25 నిమిషాలు పడుతుందనుకుంటే ఏ క్షణంలోనైనా లోపల ఉండేది సుమారు 225 మంది. తాతలు, నానమ్మలు, చంటిపిల్లలు, ఎక్కడో ఒకచోట లైను నత్తనడక నడవడం, ఇవన్నీ కలుపుకుని సగం పెంచితే 330 చిల్లర. ఈ అంకె పట్టుకుని ఫైర్ మార్షల్ (ఊళ్లో అగ్నిభద్రత చూసే అధికారి) ఆఫీసుకు వెళ్లండి. థియేటర్లో 900 సీట్లున్నాయి కదా అని నిశ్చింతగా ఉండొద్దు. ఆ అంకె కూర్చునేవాళ్లది. మీకు ఇరుకయ్యేది లాబీ. టేబుళ్లు ఉన్నచోట మనిషికి 15 చదరపు అడుగులు లెక్కేసుకుంటే 1,800 చదరపు అడుగుల లాబీలో 120 మందే పడతారు. అందుకే లాబీలో 3 కన్నా ఎక్కువ టేబుళ్లు వద్దన్నది. ఎన్‌ఎఫ్‌పీఏ 101 కోడ్ (అగ్నిప్రమాదాల నుంచి రక్షణకు అమెరికాలో వాడే నిబంధనావళి) ప్రకారం ప్రతి 250 మందికి శిక్షణ పొందిన క్రౌడ్ మేనేజర్ ఒకరు ఉండాలి, కాబట్టి మీకు ఇద్దరు కావాలి. ఆ శిక్షణ ఆన్‌లైన్లో కొద్ది గంటల్లో అయిపోతుంది. మీ ఊళ్లో ఏ కోర్సు చెల్లుతుందో కూడా ఫైర్ మార్షల్‌నే అడగండి.

లోపలికి పోయే తలుపు దగ్గర ఒకరు, బయటికొచ్చే తలుపు దగ్గర ఒకరు చేతిలో క్లిక్కర్ కౌంటర్ పట్టుకుని లెక్కపెట్టాలి. పది నిమిషాలకోసారి ఒకరి అంకెలోంచి ఇంకొకరిది తీసేస్తే లోపల ఎంతమందో తెలుస్తుంది. అది 300 దాటితే లోపలికి పంపడం ఆపాలి. ఈ పని ఇద్దరు నెమ్మదస్తులకు అప్పగించండి. వచ్చినవాళ్లందరితో కబుర్లు చెప్పే మనిషికి క్లిక్కర్ ఇస్తే ఆ లెక్క పనికిరాదు.

టోకెన్లు ఉచితమైనా విడత సమయం వేసి ముందే ఇవ్వండి. డబ్బు పెట్టలేదు కాబట్టి తీసుకుని రానివాళ్లు తప్పకుండా ఉంటారు. అయినా ముందే అదనంగా ఇచ్చెయ్యొద్దు, ఎండ బాగా కాసిన రోజు అందరూ వచ్చేస్తారు. విడత మొదలైన 10 నిమిషాలకు ఇంకా ఖాళీ ఉంటే టోకెన్ లేనివాళ్ల లైన్లోంచి అంతమందిని పంపండి. మార్క్వీ మీద కేవలం "ఉచితం" అని మాత్రం పెట్టొద్దు. "ఉచితం, టోకెన్‌తో" అని పెడితే రెండు గంటలకే వీధి మలుపు దాకా పాకే లైను ఉండదు.

ఇప్పుడు క్యాండీ. 800 మంది, 10 చోట్లు, చోటుకు ఒకటి చొప్పున 8,000. దాని మీద 15 శాతం కలిపితే 9,200. 150 ముక్కల సంచులైతే 62. ఒక్కొక్కరికి రెండు ఇద్దామనిపిస్తే ఖర్చు నేరుగా రెట్టింపు అవుతుంది, దానికి బదులు ఒక్కొక్క చోటును ఒక్కొక్క దుకాణం వాళ్లకు స్పాన్సర్‌గా ఇచ్చి వాళ్ల క్యాండీ వాళ్లనే తెమ్మనండి.

క్యాండీ అయిపోయేది కొనడంలో పొరపాటు వల్ల కన్నా పంచడంలో పొరపాటు వల్లే ఎక్కువ. మనసున్న వాలంటీరు మొదటి గంటలో గుప్పెళ్లతో ఇస్తారు, నాలుగున్నరకు వచ్చిన పిల్లలకు ఖాళీ బకెట్ మిగులుతుంది. దీనికి మందు ఒకటే: గంటకు చోటుకు దాదాపు 270 మంది వస్తారు, కాబట్టి గంటకు 300 ముక్కలే చేతికివ్వండి. మిగతాది తాళం వేసిన గదిలో ఉండాలి. ఇంకో సంగతి, "నీకు కావలసింది తీసుకో" అని గిన్నె చాపొద్దు. ఏది తీసుకోవాలో తేల్చుకోవడానికి ఒక్కో పిల్లకు 10, 15 సెకన్లు పడుతుంది. వాలంటీరే తీసి సంచిలో వేస్తే 3 సెకన్లు. వినడానికి చిన్న తేడాయే. విడతకు 67 మంది, 10 చోట్లు అనేటప్పటికి లైను నడిచేదీ నిలిచేదీ దాన్నిబట్టే.

ఫ్యాక్టరీలో సీలు వేసినవి తప్ప ఇంకేవీ పంచకూడదు. ఇంట్లో చేసిన లడ్డూలు, అరిసెలు ఎంత ముచ్చటగా ఉన్నా ఇక్కడ కుదరవు. 2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. అలాంటి ఏడాది మన స్వీట్లు కూడా పెట్టాలనిపించడం సహజమే, కానీ లోపల ఏముందో అట్టమీద రాసిలేని తిండిని తెలియని పిల్లలకు ఇవ్వకూడదు. అమెరికా చట్టం ప్రకారం అలర్జీ పదార్థాలుగా లేబుల్ మీద చెప్పాల్సినవి తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, చెట్టు గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, 2023 జనవరి 1 నుంచి నువ్వులు. చిన్న సైజు ముక్కల మీద విడిగా ఈ వివరం ఉండకపోవచ్చు. పైగా పెద్ద సైజుకూ చిన్న సైజుకూ దినుసులు వేరుగా ఉండే సందర్భాలున్నాయి. కాబట్టి పెద్ద సంచి అట్టను కత్తిరించి ఆ చోట అంటించండి, తల్లిదండ్రులు చదువుకుంటారు.

పదిచోట్లలో ఒకటి పూర్తిగా తిండి లేనిదిగా ఉంచండి, అలర్జీ ఉన్న పిల్లల కోసం నీలి ఆకుపచ్చ గుమ్మడికాయ గుర్తుతో. ఈ టీల్ పంప్‌కిన్ గుర్తు 2014 నుంచి అమెరికా అంతటా వాడుకలో ఉంది. పెన్సిళ్లు, స్టిక్కర్లు, వేలి ఉంగరాలు చాలు, పైన వేసిన క్యాండీ లెక్కలోంచి ఈ చోటు వంతు తీసేయండి. మూడేళ్ల లోపు పిల్లల చేతికి చిన్న ఎగిరే బంతులు, గోళీలు ఇవ్వొద్దు, గొంతులో ఇరుక్కుంటాయి. గట్టి గుండ్రటి క్యాండీ కూడా నాలుగేళ్ల లోపువాళ్లకు అంతే ప్రమాదం. మన శాకాహారుల కోసం ఒక మాట: చాలా రకాల గమ్మీలు, మార్ష్‌మాలోలు, ఇక్కడ అమ్మే స్టార్‌బర్స్ట్, చాలా రకాల క్యాండీ కార్న్, వీటిలో జెలటిన్ ఉంటుంది. అది జంతువుల తోలు, ఎముకల నుంచి తీసేది. చక్కెర బిళ్లల్లాంటి అమెరికన్ స్మార్టీస్‌లో జెలటిన్ లేదు, పైన చెప్పిన తొమ్మిది అలర్జీ పదార్థాలూ లేవు. ఒక చోట అవి పెట్టి బోర్డు రాస్తే హిందూ, ముస్లిం, యూదు కుటుంబాల్లో చాలామందికి పనికొస్తుంది.

డెకరేషన్ దగ్గర పాత భవనం కొత్త హాలులాంటిది కాదు. గోడల మీది ప్లాస్టర్ పూలు, బంగారు పూత, చేత్తో వేసిన రంగులు, ఇవే ఆ థియేటర్ ఆస్తి. వాటి మీద ఏ టేపూ అంటించకూడదు. "మరక పడదు" అని అమ్మే హుక్కులు కూడా బంగారు పూతను పొరలా లాక్కొస్తాయి. మేకు, పిన్ను గుచ్చడం మరీ తప్పు. 1920ల ప్లాస్టర్లో ఆస్బెస్టాస్, పాత రంగులో సీసం ఉండొచ్చు, కెలికితే ఆ ధూళి పిల్లల ముక్కుల్లోకే పోతుంది. డెకరేషన్ ఏదైనా సొంత కాళ్ల మీద నిలబడాలి: స్టాండ్లు, ఫ్రేములు, టేబుల్ క్లాత్‌లు. నేల మీద వైర్లకు గాఫర్ టేపు (జిగురు వదలని గుడ్డ టేపు) వాడండి, డక్ట్ టేపు కార్పెట్‌కు జిగురు వదిలేస్తుంది. అసలు గుమ్మడికాయలు చెక్కి పెడితే రెండు రోజుల్లో అడుగున నీరు కారి పాలరాతి నేలను మరక చేస్తుంది, ఫోమ్‌వి తెచ్చుకోండి. గ్లిట్టర్, కన్ఫెట్టీ, సిల్లీ స్ట్రింగ్ వద్దని ఫ్లయర్‌లోనే రాయండి. మడత సీట్ల సందుల్లో పడిన గ్లిట్టర్ వచ్చే హాలోవీన్‌కు కూడా అక్కడే ఉంటుంది.

గడ్డి మోపులు, ఎండిన మొక్కజొన్న కర్రలు అమెరికా హాలోవీన్‌కు ఎంత ముఖ్యమైనా లోపలికి తేవద్దు. బట్టల డెకరేషన్‌కు ఎన్‌ఎఫ్‌పీఏ 701 ధ్రువీకరణ (ఆ గుడ్డ సులువుగా అంటుకోదని పరీక్షించిన రుజువు) ఉండాలి, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, తనిఖీకి వచ్చినవాళ్లు అడుగుతారు. కొవ్వొత్తులకు బదులు బ్యాటరీ దీపాలు. పొగ మిషన్ వాడితే స్మోక్ డిటెక్టర్లు మోగుతాయి, అప్పుడు ఎవరో ఒకరు "ఈ మూడు గంటలు అలారం ఆపేద్దాం" అంటారు. ఆ మాట విన్న చోటే పొగ మిషన్‌ను కారులో పెట్టి పంపించండి. ఎగ్జిట్ బోర్డులను, తలుపులను నల్లగుడ్డతో కప్పి "భూత్ బంగళా" చేయడం ఇంకో మామూలు తప్పు. 1903 డిసెంబరు 30న షికాగో ఇరక్వా థియేటర్లో పిల్లలతో నిండిన మధ్యాహ్నం ఆట మధ్యలో నిప్పంటుకుని 602 మంది చనిపోయారు. అక్కడ కొన్ని ఎగ్జిట్ తలుపులు తెరల వెనక కనపడకుండా ఉన్నాయి, కొన్నిటి గడియలు ఎలా తీయాలో జనానికి తెలియలేదు. ఇప్పుడు మీ థియేటర్ తలుపుల మీద అడ్డంగా ఉండే, నెడితే తెరుచుకునే కడ్డీ అమెరికాలో వాడుకలోకి వచ్చింది ఆ ప్రమాదం తరవాతే. మీ కార్యక్రమం రోజు ఉదయం ప్రతి కడ్డీనీ ఒకసారి చేత్తో నెట్టి చూడండి.

భయపెట్టే వెలుగు కోసం హాలు చీకటి చేయకండి. వాలుగా ఉండే నేల, మాస్కు కళ్ల కన్నాలు, కాళ్లకు అడ్డంపడే పొడుగు గౌన్లు, ఈ మూడింటికి చీకటి తోడైతే పడిపోవడం ఖాయం. హాలు లైట్లు కనీసం సగం వెలుగులో ఉండాలి. వింత వెలుగు స్టేజి మీద పెట్టుకోండి, అక్కడికి ఎవరూ వెళ్లరు కాబట్టి. థియేటర్ వాళ్లను ఘోస్ట్ లైట్ అడగండి. షో లేనప్పుడు చీకట్లో ఎవరూ పిట్‌లో పడకుండా స్టేజి మధ్యలో వెలిగించి వదిలే ఒంటి బల్బు అది, దయ్యాల కోసమేనని నాటకాలవాళ్ల ముచ్చట. ఖాళీ స్టేజి మీద అది ఒక్కటి వెలుగుతూ, పాత పైప్ ఆర్గన్ ఉంటే అది మెల్లగా మోగుతూ ఉంటే, బజారులో కొన్న అస్థిపంజరాలన్నీ దాని ముందు దిగదుడుపే.

బాల్కనీ మూసేయండి, మెట్ల దగ్గర తాడుతో పాటు మనిషి కూడా ఉండాలి. ఆ కాలపు బాల్కనీల ముందు గోడ కూర్చున్నవాళ్లకు తెర కనపడేంత పొట్టిగా ఉంటుంది.

ఫొటోల చోటే లైనును చంపేస్తుంది. ఒక్క కుటుంబానికి 40 సెకన్లు అనుకున్నా 15 నిమిషాల్లో 22 కుటుంబాలే. మీకు విడతకు 35, 40 కుటుంబాలు వస్తాయి. దాన్ని దారిలో పెట్టకుండా, బయటికొచ్చాక మార్క్వీ పక్కన రెండు పరదాలుగా పెట్టండి. పాప్‌కార్న్ అమ్మకం కూడా థియేటర్‌కు ఆదాయమే, కాదనలేం, కానీ ఆ లైను గోడవైపు తిరగాలి, దారికి అడ్డంగా కాదు.

తెర మీద ఏదైనా వేద్దామంటే, ప్రవేశం ఉచితమైనా పబ్లిక్ పెర్ఫార్మెన్స్ లైసెన్సు కావాలి. ఇంట్లో కొన్న డిస్కు, స్ట్రీమింగ్ ఖాతా దానికి పనికిరావు. విడుదలై 95 ఏళ్లు నిండి పబ్లిక్ డొమైన్లోకి వచ్చిన మూకీ కార్టూన్లయితే ఆ చిక్కులేదు, కానీ వాటికి తరవాత ఎవరో జోడించిన సంగీతానికి వేరే హక్కులుంటాయి, కాబట్టి శబ్దం ఆపేసి వేయండి.

మొదటి విడతను శబ్దాలు, మిణుకు లైట్లు లేకుండా ఆటిజం ఉన్న పిల్లలకు కేటాయించండి. ఏ పిల్ల చేతా "ట్రిక్ ఆర్ ట్రీట్" అని బలవంతంగా చెప్పించొద్దని వాలంటీర్లందరికీ చెప్పండి. "ఇంత పెద్దవాడివి" అనే మాట కూడా నిషేధం. పెద్దవాళ్లు మొహం కప్పే మాస్కులు తలుపు దగ్గరే తీయాలి. గాలి నింపే డైనోసార్ డ్రెస్సులు సీట్ల వరసలో పట్టవు, వాళ్లను కూడా స్ట్రోలర్ల దారిలో పంపండి.

తప్పిపోయిన పిల్లల సంగతి ముందే తేల్చుకోవాలి. తలుపు దగ్గర పిల్లల చేతికి కట్టే కాగితపు పట్టీ లోపలివైపు తల్లిదండ్రుల ఫోన్ నంబరు రాయించండి, పేరు రాయించొద్దు. పిల్ల కనపడలేదని కబురు రాగానే బయటికిపోయే తలుపు దగ్గరివాళ్లకు వయసు, వేషం, చెప్పుల రంగు చెప్పాలి. వేషం ముప్ఫైమందికి ఒకటే ఉండొచ్చు, చెప్పులు అందరికీ ఒకటే ఉండవు. ఆ పిల్ల దొరికేదాకా పిల్లలతో బయటికి వెళ్లే ప్రతి పెద్దనూ ఆపి చూడాలి, అయితే తలుపుకు తాళం మాత్రం వేయకూడదు.

మనుషుల లెక్క: క్యాండీ చోట్లకు 10, నింపేవాళ్లు 3, తలుపులు, క్లిక్కర్లు 4, బయట లైను 3, దాటే చోట 2, బాల్కనీ మెట్లు 2, సమాచారం టేబుల్ 2, బాత్రూములు 1, ఫొటోలు 2, మొత్తం చూసే మనిషి 1. ఇది 30. మార్చుకోవడానికి ఇంకో 6. వీళ్లలో ఇద్దరు క్రౌడ్ మేనేజర్ శిక్షణ పొందినవాళ్లు కావాలి. బాత్రూములకు మనిషెందుకంటే, పాత థియేటర్లలో అవి తరచు బేస్‌మెంట్లో, మెట్ల కింద, కొద్దిగానే ఉంటాయి. వేషాల్లో ఉన్న పిల్లలకు వాటిలో మామూలుకన్నా ఎక్కువసేపు పడుతుంది.

చివరి విడత 4:45కి లోపలికి వెళ్తుంది, 5:10కి బయటికొస్తుంది. ఫ్లయర్‌లో "5 దాకా" అని కాకుండా "చివరి ప్రవేశం 4:45" అని రాయండి. చెత్త డబ్బాలు దారి మధ్యలో కన్నా బయటికొచ్చే తలుపు అవతల ఎక్కువ ఉండాలి, రేపర్లు పిల్లలు విప్పేది అక్కడే. ఎక్కడైనా కార్పెట్ మీద చాక్లెట్ పడి తొక్కుడు పడితే గుడ్డతో రుద్దొద్దు, లోపలికి దిగిపోతుంది. ఐస్ ముక్కను ప్లాస్టిక్ సంచిలో పెట్టి దాని మీద అయిదు నిమిషాలు ఉంచండి, గట్టిపడ్డాక మొద్దు చెంచాతో గీకితే పెళ్లగా ఊడొస్తుంది.